ఎండలో పరుగుకీ ఒక కాషన్ ఆర్డర్ ఉండాలి

ఇది కొంచెం పొడుగు పోస్టు. తీరిగ్గా చదవండి, కానీ వచ్చే ఆదివారం సర్వసభ్య సమావేశానికి ముందే చదవండి.

పోయిన ఆదివారం మెరీనా బీచిలో జరిగిన 10 కిలోమీటర్ల పరుగు ఫలితాల పట్టికను మన గ్రూపులో పెట్టారు. మన సంఘం పేరున్న బనియన్ వేసుకుని 21 మందిమి వెళ్ళాం. ఒక్కరికి కూడా బహుమతి రాలేదు. జనవరిలో పరుగెత్తినప్పటి కన్నా ప్రతి ఒక్కరికీ పది పదిహేను నిమిషాలు ఎక్కువే పట్టింది. ఇద్దరు పూర్తి చెయ్యలేదు. దాని కింద వచ్చిన మాటలు మీరంతా చూశారు. "తెలుగువాళ్ళ పరువు తీశారు" అన్నది ఒకటి. "ఇప్పటి పిల్లలకి దమ్ము లేదు" అన్నది ఇంకొకటి. ఆ వెంటనే, వచ్చే ఏడు మన సంఘమే సొంతంగా ఉగాదికి పరుగు పెట్టాలి, అప్పుడు చూపిద్దాం అని ఒక ప్రతిపాదన. అది సమావేశం అజెండాలో కూడా ఎక్కింది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ పట్టికలో ఉన్నది పరుగెత్తినవాళ్ళ చేతగానితనం కాదు, పరుగు పెట్టినవాళ్ళ టైంటేబుల్. అదే టైంటేబుల్‌తో మనమూ పెడితే ఈసారి పోయేది పరువు కాదు, ఎవరి ప్రాణమో పోవచ్చు.

ముందు జరిగింది చెబుతాను. అక్కడ లేనివాళ్ళే ఎక్కువ మాట్లాడారు కాబట్టి ఇది అవసరం. ఏప్రిల్ నెలాఖరు. కరపత్రంలో జెండా ఊపే సమయం ఉదయం 5 గంటలు. మేము నాలుగున్నరకే నేపియర్ వంతెన దగ్గర నిలబడ్డాం. ముఖ్య అతిథి కారు రాలేదు. ఆయన వచ్చి, శాలువా కప్పి, మూడు ఉపన్యాసాలు అయి, జెండా ఊపేటప్పటికి 6.35. ఏప్రిల్ చివర్లో మన ఊళ్ళో ఆరుకు ముందే పొద్దు పొడుస్తుంది. మెరీనా తూర్పు తీరం. సూర్యుడు సముద్రంలోంచి నేరుగా మన మొహం మీదికే వస్తాడు. సముద్రం వైపు నీడనిచ్చే చెట్టు లేదు, గోడ లేదు. తెల్లవారుజామున పరుగెత్తడానికి తయారై వచ్చినవాళ్ళు గంటన్నర నిలబడి, ఒంట్లో ఉన్న నీళ్ళు సగం చెమటగా పోయాక, ఎండలోకి బయలుదేరారు. రెండో నీళ్ళ బల్ల దగ్గరికి మేము చేరేసరికి గ్లాసులు అయిపోయాయి. క్యాన్లు ఉన్నాయి, గ్లాసులు లేవు. దోసిలి పట్టి తాగాం.

నాకు 66 ఏళ్ళు. జనవరిలో ఇదే దూరం 1 గంట 9 నిమిషాల్లో ముగించాను. ఈసారి 1 గంట 28 నిమిషాలు. మూడో కిలోమీటరులోనే గుండె దడ మామూలుగా లేదని తెలిసి, నడక, పరుగు కలిపి వచ్చాను. నిరాశ లేదంటే అబద్ధం. మూడు నెలలు తెల్లారకముందే లేచి పెరంబూరు వీధుల్లో కుక్కలతో పోటీ పడి చేసిన సాధన అది. కానీ నా 19 నిమిషాల కథ చిన్నది.

పెద్ద కథ ఆ అబ్బాయిది. పేరు రాయను, మీకు తెలుసు. 24 ఏళ్ళవాడు, మన జట్టులో అందరికన్నా చురుకైనవాడు. ఎనిమిదో కిలోమీటరు దగ్గర అడ్డదిడ్డంగా నడుస్తున్నాడు. ఏ ఊరు బాబూ అంటే ఏదో చెబుతున్నాడు. నీళ్ళిస్తే గ్లాసు ఎటు పట్టుకోవాలో తెలియడం లేదు. మన మహిళా విభాగంలో ఒక చెల్లెమ్మ ఆస్పత్రిలో నర్సు. ఆవిడ తన పరుగు ఆపేసి, అతన్ని నీడలోకి ఈడ్చి, బనియన్ తీయించి, పక్కన చెరుకురసం బండివాడి ఐసుగడ్డలన్నీ తెప్పించి మెడకీ చంకలకీ తొడల సందుల్లోనూ పెట్టి, తల మీద నీళ్ళు పోస్తూ కూర్చుంది. ఇరవై నిమిషాలకు మనిషి మనిషయ్యాడు. ఆంబులెన్సు ఆ తరువాత వచ్చింది. "దమ్ము లేదు" అని మన గ్రూపులో రాసింది ఆ పిల్లవాడి గురించి. ఆ రోజు రాత్రే అతను గ్రూపు వదిలి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు ఎండ సంగతి. కడప నుంచి, బళ్ళారి నుంచి వచ్చే మన చుట్టాలు ఎప్పుడూ ఎగతాళి చేస్తారు. మాకు 42, మీకు 35 కూడా లేదు, దానికే ఇంత ఆపసోపాలా అని. ఒళ్ళు చల్లబడేది చెమట కారడం వల్ల కాదు, చెమట ఆరడం వల్ల. కడపలో గాలి పొడి. చెమట పట్టగానే ఆరిపోతుంది, పోతూ పోతూ ఒంటి వేడిని తీసుకుపోతుంది. మన తీరంలో గాలి నిండా అప్పటికే తేమ. చెమట ఆరదు, ధారగా కారుతుంది. నీళ్ళూ ఉప్పూ పోతాయి, వేడి మాత్రం లోపలే ఉంటుంది. పైగా పరుగెత్తేటప్పుడు కండరాలకు రక్తం కావాలి, వేడిని బయటికి పంపడానికి చర్మానికీ రక్తం కావాలి. ఉన్నది ఒకటే గుండె. అది రెండు పక్కలా పంచలేక దడదడలాడుతుంది. అప్పుడు వేగం తగ్గించుకోవడం ఒంటికి తెలిసిన తెలివి. తగ్గించకుండా పోతే ఒంటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది, బుర్ర తిరుగుతుంది, మాట తడబడుతుంది. వడదెబ్బ అంటే అదే. అప్పుడు మొదట చల్లబరచాలి, తరువాతే ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఆ చెల్లెమ్మ చేసింది సరిగ్గా అదే.

కాబట్టి పేపర్లో వేసే డిగ్రీలు చూసి పరుగు పెట్టడం కుదరదు. దీనికి వేరే లెక్క ఉంది. వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్ అంటారు. తడి బట్ట చుట్టిన థర్మామీటరు ఒకటి, నల్ల గోళంలో పెట్టి ఎండలో ఉంచింది ఒకటి, మామూలుది ఒకటి. మూడింటినీ కలిపి ఒక అంకె కడతారు. అందులో నూటికి 70 వంతులు తడి థర్మామీటరుకే, 20 వంతులు నల్ల గోళానికి, మామూలు థర్మామీటరుకు 10 వంతులే. అంటే మనం రోజూ చెప్పుకునే డిగ్రీలకు ఆ లెక్కలో ఉన్న విలువ పదోవంతు. విదేశాల్లో చాలా పరుగుల్లో ఈ అంకెను బట్టి పచ్చ, పసుపు, ఎరుపు, నలుపు జెండాలు ఎగరేస్తారు. నల్ల జెండా లేస్తే పరుగు ఆపేస్తారు.

నేను రైల్వేలో గుమస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు ప్రతిదీ రైలు లెక్కలోనే అర్థమవుతుంది. రైలు పట్టా ఉక్కు. దానికీ ఎండ తగులుతుంది, అదీ సాగుతుంది. మైళ్ళ పొడుగునా వెల్డింగ్ చేసిన పట్టాకు సాగడానికి చోటు లేక, ఒత్తిడి మితిమీరితే పక్కకు వంకర తిరుగుతుంది. అందుకే వేసవి మధ్యాహ్నాలు హాట్ వెదర్ పెట్రోలింగ్ అని ట్రాక్‌మన్‌లు పట్టా వెంట నడుస్తూ చూస్తారు. అనుమానం ఉన్న చోట వేగం తగ్గిస్తారు. డ్రైవరు చేతికి కాషన్ ఆర్డర్ ఇస్తారు. ఈ కిలోమీటరు నుంచి ఆ కిలోమీటరు దాకా గంటకు 30 దాటకూడదు అని రాసి ఉంటుంది. డ్రైవరు సంతకం పెట్టి తీసుకుంటాడు. ఆ రోజు బండి లేటవుతుంది. ఆ డ్రైవరుకు దమ్ము లేదని ఎవరైనా అన్నారా? కాషన్ ఆర్డర్ మీరి టైముకు తెచ్చినవాణ్ణే అడుగుతారు. ఇంకొక సంగతి. మా వర్కింగ్ టైంటేబుల్‌లోనే ఇంజనీరింగ్ అలవెన్స్ అని కొన్ని నిమిషాలు ముందే కలిపి ఉంచుతారు, దారిలో పనులు జరుగుతుంటాయి కాబట్టి. లేటైన బండికి ఎన్ని నిమిషాలు లేటు అని మాత్రమే రాసి ఊరుకోరు, ఎందుకు లేటు అని కూడా రాస్తారు. మన గ్రూపులో పెట్టిన పట్టికలో నిమిషాల గడి ఉంది, కారణం గడి లేదు. అందుకే చదివినవాళ్ళు ఎవరి నోటికి వచ్చిన కారణం వాళ్ళు రాసుకున్నారు.

మనవాళ్ళ సంగతి వదలండి, ప్రపంచంలో మొదటి వరస వాళ్ళను చూద్దాం. 2019లో దోహాలో ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. ఎండ భయంతో మహిళల మారథాన్‌ను అర్ధరాత్రికి పెట్టారు. అయినా గాలిలో తేమ వదల్లేదు. 68 మంది బయలుదేరితే 28 మంది మధ్యలో ఆగిపోయారు. గెలిచిన కెన్యా అమ్మాయి రూత్ చెప్‌ంగెటిచ్‌కు 2 గంటల 32 నిమిషాలు పట్టింది. అదే ఏడు జనవరిలో దుబాయిలో ఆమె 2 గంటల 17 నిమిషాల్లో పరుగెత్తింది. పదిహేను నిమిషాలు తేడా. ఆమెకు దమ్ము లేదందామా? మెడలో బంగారు పతకం ఉంది. టోక్యో ఒలింపిక్స్ మారథాన్‌ను ఎండ భయంతోనే ఉత్తరాన ఉన్న సప్పోరో నగరానికి మార్చారు. అక్కడా వేడి పెరిగేట్టుందని మహిళల పరుగును ముందురోజు రాత్రి నిర్ణయం తీసుకుని 7 గంటల నుంచి 6 గంటలకు జరిపారు. అంతకు ముందు బెర్లిన్‌లో 2 గంటల 1 నిమిషంలో పరుగెత్తిన కిప్చోగే సప్పోరోలో బంగారం గెలిచింది 2 గంటల 8 నిమిషాలకు. 2007లో చికాగో మారథాన్‌ను వేడి వల్ల నడుమనే ఆపేశారు.

ముందుకు జరపనివాళ్ళ కథలూ ఉన్నాయి. 1904లో సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లో మారథాన్‌ను మధ్యాహ్నం ఎండలో పెట్టారు. 32 మంది మొదలుపెడితే ముగించింది 14 మంది. 1912లో స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో ఎండలో పరుగెత్తుతూ పోర్చుగల్ యువకుడు ఫ్రాన్సిస్కో లాజరో పడిపోయి మరునాడు చనిపోయాడు. నూరేళ్ళ కిందటి వాళ్ళకు ఈ లెక్కలు తెలియవు అనుకోవచ్చు. మనకు తెలుసు.

మన సంఘంలో పెద్దలు చెప్పే అభ్యంతరాలకు ఇప్పుడు వస్తాను. మొదటిది: మన తాతలు ఎండలో దుక్కి దున్నలేదా, రోహిణి కార్తెలో రాళ్ళు మొయ్యలేదా? మోశారు. కానీ ఎట్లా మోశారో కూడా చెప్పండి. కోడి కూయకముందే పొలానికి పోయేవాళ్ళు, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి చెట్టు కిందికి చేరేవాళ్ళు. తలకు పాగా, ముంతలో అంబలి, మజ్జిగ. ఎవరితోనూ పందెం వేసుకోలేదు, గడియారం చూసుకోలేదు. పైగా వాళ్ళు ఏడాదంతా ఎండలోనే. ఒళ్ళు ఎండకు అలవాటు పడాలంటే పది పద్నాలుగు రోజులు కొంచెం కొంచెంగా పనిచెయ్యాలి. వారం అంతా ఏసీలో కంప్యూటరు ముందు కూర్చునే పిల్లవాడికి ఆదివారం ఒక్క పూటలో ఆ అలవాటు రాదు. తాతల పేరు చెప్పేవాళ్ళు తాతల జాగ్రత్త కూడా నేర్చుకోవాలి.

రెండోది: ఎవరి ఒళ్ళు వాళ్ళు చూసుకోవాలి, నిర్వాహకులు ఏం చేస్తారు? నిజమే, వేగం తగ్గించుకోవడం పరుగెత్తేవాళ్ళ బాధ్యత. ఆ రోజు మనవాళ్ళలో ఎక్కువమంది అదే చేశారు. అందుకే టైమింగులు అట్లా ఉన్నాయి. ఒక పక్క తగ్గించుకోవాలి అని చెప్పి, తగ్గించుకున్నవాణ్ణి ఇంకో పక్క వెక్కిరిస్తే, వచ్చే పరుగులో కుర్రాళ్ళు ఏం చేస్తారు? తగ్గించరు. వాళ్ళు వింటున్నది మన కరపత్రం కాదు, మన వెక్కిరింపు.

మూడోది: ఉగాది మన పండగ, ఉగాది పరుగు అంటే పేరుంటుంది. పేరు బాగానే ఉంటుంది. ఉగాది మార్చి నడుమ నుంచి ఏప్రిల్ నడుమ దాకా ఎప్పుడైనా వస్తుంది. ఒక్కొక్క ఏడు పరవాలేదు, ఒక్కొక్క ఏడు మంట. ఆ రోజుకు పచ్చడి ఉంది, పంచాంగ శ్రవణం ఉంది, భోజనాలు ఉన్నాయి. పరుగుకు మన ఊళ్ళో దేవుడిచ్చిన నెల జనవరి. వానలు వెళ్ళిపోయి, తెల్లవారుజాము చల్లగా ఉంటుంది. చెన్నై మారథాన్ జనవరిలో, అదీ చీకటితోనే మొదలవుతుంది. ఊరికే కాదు. మనకు సందర్భం కావాలంటే సంక్రాంతి ఉంది. త్యాగయ్య గారి ఆరాధన పుష్య బహుళ పంచమికి తిరువయ్యారులో జరుగుతుంది, అది సాధారణంగా జనవరిలోనే వస్తుంది. తమిళనాట పుట్టి తెలుగులో పాడిన మహానుభావుడు. మన సంఘం పరుగుకు అంతకన్నా మంచి పేరు ఎక్కడ దొరుకుతుంది?

ఇంత గట్టిగా ఎందుకు రాస్తున్నానో చెబుతాను. నేను చదివింది తమిళ మీడియంలో. తెలుగు అక్షరాలు ఇంట్లో మా అమ్మ దగ్గర నేర్చుకున్నవే. మన పిల్లల్లో చాలామందికి అదీ లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, రాయమంటే తమిళ అక్షరాల్లో రాస్తారు. వాళ్ళను సమావేశాలకు పిలిస్తే రారు, కవి సమ్మేళనానికి పిలిస్తే రారు. కానీ ఈ పరుగుకు పిలిస్తే 21 మందిలో 14 మంది ముప్పై ఏళ్ళ లోపువాళ్ళే వచ్చారు. రోడ్డు మీద "అన్నా నీళ్ళు తీసుకో", "అక్కా మెల్లగా పో" అని ఒకరికొకరు తెలుగులో చెప్పుకుంటుంటే నేను విన్నాను. ఎన్నో ఏళ్ళుగా మనం తీర్మానాలు చేసి తేలేకపోయింది అది. ఆ పిల్లలకు సంఘం నుంచి అందిన మొదటి బహుమతి వెక్కిరింపు అయితే రెండోసారి ఎవరు వస్తారు?

అందుకని ఆదివారం సమావేశంలో నేను పెట్టబోయే ప్రతిపాదనలు ఇవి. సంఘం పరుగు జనవరిలోనే పెట్టాలి. జెండా ఉదయం 5 గంటలకు లేవాలి, అతిథి వచ్చినా రాకపోయినా సరే. అతిథికి శాలువా, ఉపన్యాసం బహుమతి ప్రదానం దగ్గర పెట్టుకుందాం. ప్రతి 2 కిలోమీటర్లకు నీళ్ళ బల్ల, దాని మీద సరిపడా గ్లాసులు. రెండు బల్లల దగ్గర ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ కూడా ఉండాలి, ఎందుకంటే చెమటలో ఉప్పు పోయినవాడు ఉత్త నీళ్ళే అదే పనిగా తాగితే రక్తంలో ఉప్పు పలచబడి అదొక ప్రమాదం. చివరి 3 కిలోమీటర్లలో ఐసు, తొట్టి, తడి తువ్వాళ్ళు పెట్టుకుని ఇద్దరు తెలిసినవాళ్ళు ఉండాలి. ఒక డాక్టరు గారికి పరుగు ఆపే అధికారం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆయన ఆపమంటే అధ్యక్షుడు కూడా మారుమాట్లాడకూడదు. ఫలితాల పట్టికలో ఆ రోజు వేడి, తేమ, బయలుదేరిన అసలు సమయం పైన రాయాలి.

ఖర్చు గురించి కోశాధికారి గారు అడుగుతారు. మొదటి బహుమతి కప్పును కొంచెం చిన్నది చేద్దాం. ఐసుకూ గ్లాసులకూ ఆ డబ్బు చాలుతుంది.

ఇంకొక్క మాట. ఆ అబ్బాయి గురించి రాసినవాళ్ళు ఎవరో వాళ్ళకు తెలుసు. క్షమాపణ తీర్మానాలు నేను అడగను. సమావేశానికి ముందు ఒకసారి అతనికి ఫోను చేసి ఒళ్ళెట్లుంది బాబూ అని అడగండి. నంబరు కార్యదర్శి గారి దగ్గర ఉంది. సమావేశం సాయంత్రం 4 గంటలకు. సరిగ్గా 4కే మొదలుపెడదాం.